అమ్మ మాట ఇంట్లో చెల్లుతోందా?

ఒడిశాలో ఉన్న మా బరంపురంలో ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా, పెద్దావిడ కుర్చీలోంచి లేవబోతుంటే ఎవరో ఒకరు అంటారు, "నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాంలే" అని. ప్రేమతోనే అంటారు. జీవితమంతా చాకిరీ చేసిన మనిషిని ఇంకా కష్టపెట్టకూడదనే అంటారు. కానీ ఆ మాట రోజూ, ఏళ్ల తరబడి విన్న మనిషి ఏమైపోతుందో మా వీధిలో చూస్తూనే ఉన్నాను. మొదట వంటిల్లు చేతిలోంచి పోతుంది. తర్వాత బజారు. ఆ తర్వాత డబ్బు లెక్కలు, పెళ్లి సంబంధాల సంప్రదింపులు. చివరికి ఈ పూట ఏం కూర అన్న సంగతి కూడా ఆమె దాకా రాదు. అప్పుడు మనమే అంటాం, "అమ్మకి ఈమధ్య దేనిమీదా ధ్యాస లేదు, వయసైపోయింది కదా" అని.

వయసు వల్ల పోయేవి పోతాయి. కళ్లు, చెవులు, మోకాళ్లు. కాదనను. కానీ వయసు ఖాతాలో మనం రాసేస్తున్న వాటిలో చాలా మన ఇంటి ఏర్పాట్ల వల్ల పోతున్నవే. ముసలితనంలో మనిషికి తిండి, మందులు, విశ్రాంతి ఎంత అవసరమో, తన మాట చెల్లుబాటు కావడం అంతకంటే ఎక్కువ అవసరం. అది ఉన్నంతకాలం మనిషి ఎనభైల్లో కూడా ఎదుగుతాడు. అది పోతే అరవైకే ఆగిపోతాడు.

మనస్తత్వ శాస్త్రంలో కూడా చాలాకాలం ఎదుగుదల అంటే పిల్లల సంగతే. ఫ్రాయిడ్ మనిషి స్వభావానికి పునాదులు మొదటి ఐదారేళ్లలోనే పడిపోతాయన్నాడు. పియాజే పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో దశలు దశలుగా చెప్పి, ఆ లెక్కని కుర్రతనం దగ్గర ఆపాడు. ఆ తర్వాత బతికే యాభై అరవై ఏళ్లకి అందులో చోటే లేదు. 1950లో ఎరిక్ ఎరిక్సన్ పుట్టుక నుంచి చావు దాకా ఎనిమిది దశలు గీశాడు. పసిబిడ్డ లోకాన్ని నమ్మడం, రెండేళ్లకి తన పని తాను చేసుకోవాలన్న పంతం, నాలుగైదేళ్లకి చొరవ, బడి వయసులో ఏదో ఒకటి చేతనవడం, పదహారేళ్లకి నేనెవరన్న ప్రశ్న, యౌవనంలో తోడు, నడివయసులో తర్వాతి తరానికి ఏదైనా అందించాలన్న తపన. చివరిది, తాను గడిపిన జీవితాన్ని మంచీ చెడూ కలిపి తనదేనని ఒప్పుకోగలగడం. అలా ఒప్పుకోలేకపోతే మిగిలేది నిరాశ. ఏ దశా దానంతటది గడిచిపోదు. ప్రతిదాంట్లోనూ ఒక పెనుగులాట ఉంటుంది, ప్రతిదానికీ చుట్టూ ఉన్న మనుషుల సాయం కావాలి. ముసలితనం కూడా ఒక పనే అని గట్టిగా చెప్పినవాడు ఆయన.

1962లో ఎరిక్సన్ అహ్మదాబాద్ వచ్చి ఈ జీవిత దశల మీదే సెమినార్ నడిపాడు. ఆ ప్రయాణంలో పుట్టిన ఆసక్తితోనే తర్వాత గాంధీ మీద పుస్తకం రాసి, 1970లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. ఆయన దశలకీ మన బ్రహ్మచర్యం, గృహస్థం, వానప్రస్థం, సన్యాసం అన్న నాలుగు ఆశ్రమాలకీ ఉన్న పోలిక మీద మనస్తత్వ విశ్లేషకుడు సుధీర్ కకర్ రాశాడు. ఈ ఆశ్రమాల మాటని మన ఇళ్లలో తరచూ వక్రంగా వాడతారు. "మనవాణ్ని ఎత్తుకున్నాక ఇంకా ఈ లంపటాలెందుకు, కృష్ణా రామా అనుకోక" అంటారు. మనుస్మృతిలో ఉన్నది చూడండి. గృహస్థు తన ఒంటి ముడతలూ, నెరిసిన జుట్టూ, మనవణ్నీ చూసుకున్నాక అడవికి వెళ్లాలని ఉంది. చూసుకునేది అతను, బయల్దేరేది అతను. కొడుకూ కోడలూ కలిసి వసారాలో మంచం వేసి పంపించమని ఎక్కడా లేదు.

ఎరిక్సన్ 1994లో పోయాడు. ఆయన భార్య జోన్, తానే తొంభై దాటాక, భర్త గీసిన ఎనిమిదికి తొమ్మిదోది కలిపింది. 1997లో అచ్చయిన ఆ అధ్యాయాలు నాకు ఆయన రాసిన అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తాయి. ఎనభై, తొంభై ఏళ్లలో మొదటి దశల పెనుగులాటలన్నీ మళ్లీ తిరిగొస్తాయని ఆమె చెప్పింది. పసిబిడ్డ లోకాన్ని నమ్మడం నేర్చుకుంటే, ముసలి మనిషికి తన కాళ్ల మీదే నమ్మకం పోతుంది. రెండేళ్ల పిల్లకి సొంతంగా బాత్రూమ్‌కి వెళ్లడం గర్వమైతే, ఎనభై ఐదేళ్ల ఆవిడకి బట్టలు తడిస్తే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఇక్కడే మనవాళ్లు ముసలితనం రెండో పసితనం అనేస్తారు. ఈ మాట చాలా హాని చేస్తోంది. పసిపిల్లకి రోజురోజుకీ కొత్త స్వేచ్ఛ ఇస్తూ పోతాం. చెంచా తనే పట్టుకుంటానంటే అన్నం సగం కింద పోసినా చప్పట్లు కొడతాం. అదే పెద్దాయన "నా మందులు నేనే వేసుకుంటాను" అంటే మొండితనం అంటాం. పిల్ల "నేనే" అంటే ఎదుగుదల, పెద్దాయన "నేనే" అంటే చాదస్తం. ఇద్దరినీ పసివాళ్లనే అంటూ పసివాళ్లకిచ్చే మర్యాద ఒక్కరికే ఇస్తున్నాం. పైగా పెద్దాయన డెబ్బై ఏళ్లు అన్నీ చేసుకున్న మనిషి, ఆయనకి పోయిందేమిటో తెలుసు.

1976లో అమెరికాలోని కనెటికట్‌లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు ఒక వృద్ధాశ్రమంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకి మీ గది ఎలా సర్దుకోవాలో, ఏ రోజు సినిమా చూడాలో మీ ఇష్టం అని చెప్పి, ఒక మొక్క ఎంచుకోమని, దానికి నీళ్లు మీరే పోసుకోవాలని అన్నారు. ఇంకో అంతస్తులో కూడా మొక్కలిచ్చారు, సినిమా వేశారు, కానీ రోజు నిర్ణయించింది సిబ్బంది, నీళ్లు పోసింది నర్సులు. కొద్ది వారాల్లోనే మొదటి అంతస్తువాళ్లు హుషారుగా, నలుగురితో కలివిడిగా కనిపించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే వాళ్లలో నూటికి 15 మంది, రెండో వైపు నూటికి 30 మంది చనిపోయి ఉన్నారు. గుంపులు చిన్నవి, ఆ మరణాల లెక్క మీద తర్వాత వాదనలు కూడా నడిచాయి. చావుల లెక్క పక్కన పెట్టినా, ఆ మొదటి వారాల్లో వచ్చిన మార్పు చాలు నాకు. మొక్క రెండు అంతస్తుల్లోనూ ఉంది. తేడా అంతా నీళ్లు ఎవరు పోయాలన్న దాంట్లో.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అమ్మకి డెబ్బై తొమ్మిది. పుట్టిల్లు ఇచ్ఛాపురం. పెళ్లయి బరంపురం వచ్చేనాటికి ఒడియా ఒక్క ముక్క రాదు. బడాబజార్‌లో కూరలమ్మే ఆడవాళ్లతో బేరాలాడి నేర్చుకుంది. గోపాలపూర్ వైపు నుంచి నోలియా జాలరి ఆడవాళ్లు చేపల బుట్టలతో వస్తే మాత్రం బేరం తెలుగులోనే. మోకాళ్లు పట్టేశాక మెట్లు దిగడం మానేసింది. చేపలు తేవడం నా వంతుకొచ్చింది. కొట్టువాడే పొలుసు తీసి, ముక్కలు కోసి, కవర్‌లో పెట్టి ఇస్తాడు. అమ్మకి తినడం తప్ప అందులో పనేమీ లేకపోయింది. కొన్నాళ్లు చూసి ఒకరోజు గట్టిగానే చెప్పింది, "ఆ చేపలావిడని పైకి రమ్మనరా, బుట్ట మోసినందుకు పది రూపాయలు ఎక్కువిస్తాను" అని.

అప్పట్నుంచి ఆవిడ మా వరండా దాకా వస్తోంది. అమ్మ పీట మీద కూర్చోలేదు కాబట్టి కుర్చీలో కూర్చుంటుంది, బుట్టని స్టూలు మీద పెట్టిస్తుంది. కానాగంతని చేతిలోకి తీసుకుని బొటనవేలి గోటితో మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా ఉంటే సరే. గోధుమరంగు తిరిగితే బుట్టలో పడేస్తుంది. తర్వాత కన్ను చూస్తుంది, ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి పోయిందా అని. తర్వాత పొట్ట మీద వేలితో నొక్కుతుంది. "ఇవి నిన్నటివి. ఐసులో పడుకోబెట్టి తెచ్చావు." "నీ తోడమ్మా, పొద్దుటి పడవవే." "పొద్దుటి పడవైతే కళ్లు ఇలా ఉంటాయా?" ఇలా కాసేపు నడుస్తుంది. మధ్యలో ఆవిడ కోడలి కాన్పు గురించి, సముద్రం పోటు గురించి, ఎవరి అల్లుడు తాగి పడిపోయాడన్న దాని గురించి. డబ్బు అమ్మ కొంగున ఉన్న చిన్న పర్సులోంచే బయటికొస్తుంది.

మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఇదంతా పక్కన నిలబడి చూసేది. ఇప్పుడు మొప్పలు ఎత్తి చూసేది తనే. ఒకసారి తను ఏరిన కవళ్లు మెత్తబడినవి. అమ్మకి తెలుసు, అయినా కొననిచ్చింది. తోమేటప్పుడు పిల్లని పిలిచి, వేలు తగలగానే పొట్టలు చితికిపోవడం చూపించింది. "ఇప్పుడు తెలిసిందా? ఇంకోసారి పొట్ట నొక్కి చూడు" అంది. నేను బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. ఇంత బాగా నేర్పిన పాఠాలు నేను ఎక్కువ చెప్పలేదు.

తర్వాతి తరానికి ఏదైనా అందించాలన్న తపన అని ఎరిక్సన్ అన్నది నడివయసుకే అనుకున్నా, తర్వాత తర్వాత ఎరిక్సన్ దంపతులే అది చివరిదాకా ఉంటుందని, ఉండాలని రాశారు. అయితే అందించాలంటే అందుకునేవాళ్లు కావాలి. మా సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు జైపూర్ మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చాయి. తెలుగువాళ్లు ఉన్నచోటే ఉన్నారు. మా తాతల తరం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా తరం రెండూ సమానంగా. మా పిల్లల తరం బడిలో ఇంగ్లీషు, ఆటల్లో ఒడియా, ఇంట్లో టీవీ మాట్లాడే తెలుగు. ఒడియా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది మా ఊరి భాష, మా అన్నం పెట్టిన భాష, నా స్నేహితులు సగం మంది ఒడియావాళ్లే. నా బాధల్లా ఇదీ. చాలా ఇళ్లలో మామ్మకీ మనవరాలికీ మధ్య మూడు మాటలే మిగిలాయి. తిన్నావా, బడికెళ్లావా, పడుకో. ఆ మూడు మాటల్లో మొప్పలు చూడటం ఎలా నేర్పుతుంది? తన అత్త తనని పెట్టిన బాధ, 2013లో ఫైలిన్ తుఫాను రాత్రి తలుపుకి అడ్డంగా బీరువా జరిపిన సంగతి ఎలా చెబుతుంది? రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1963లోనే చెప్పాడు, ముసలివాళ్లు పాత సంగతులు తవ్వుకోవడం చాదస్తం కాదని, అది తమ జీవితాన్ని సరిచూసుకునే అవసరమైన పని అని. ఆ సరిచూసుకోవడానికి వినే మనిషి ఉండాలి. మనవలకి తెలుగు నేర్పకపోవడం పిల్లలకి జరిగే నష్టమని అందరూ అంటారు. అంతకంటే ముందు అది మామ్మలకీ తాతలకీ జరుగుతున్న నష్టం.

"పార్కుకి తీసుకెళ్లండి, నలుగురిలో కలవనివ్వండి" అని సలహాలిస్తారు. దీనితో నేను పూర్తిగా ఏకీభవించను. లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ముందున్న కాలం తక్కువ అనిపించేకొద్దీ మనిషి కొత్త పరిచయాలు తగ్గించుకుని, తనకి నిజంగా కావలసిన కొద్దిమందినే దగ్గర పెట్టుకుంటాడు. అది దిగజారడం కాదు, ఎంపిక. వయసులో ఉన్నవాళ్ల కంటే పెద్దవాళ్లే తమ మనసు తేలిగ్గా ఉంచుకోగలరని కూడా ఆ పరిశోధనల్లో కనబడింది. మరి మా దగ్గర ఆ కొద్దిమందీ ఏమయ్యారు? పిల్లలు విశాఖపట్నంలో, హైదరాబాదులో స్థిరపడ్డారని ఒకరు వెళ్లిపోయారు, ఒకరు పోయారు, ఒకరికి చెవులు వినబడక ఫోన్ ఎత్తడం మానేశారు. గేట్ బజార్‌లో నాకు తెలిసిన పెద్దాయన సాయంత్రాలు టీ బడ్డీ దగ్గర ఒక్కడే కూర్చుంటాడు. ఆయన్ని కొత్తవాళ్ల గుంపులో పడేస్తే సరిపోదు. చెవి మిషన్ కొనిపెట్టి, విశాఖపట్నంలో ఉన్న ఆ స్నేహితుడికి వారానికోసారి వీడియో కాల్ కలిపితే చాలు.

నా వాదన విని మా చెల్లెలు ఒకసారి నిలదీసింది. "అంటే ముసలాళ్ల చేత ఇంకా చాకిరీ చేయించమంటావా అన్నయ్యా?" అని. సరైన ప్రశ్న. గంజాం జిల్లా పల్లెల్లోకి వెళ్తే "నువ్వు కూర్చో అమ్మా" అనే మనిషే కనబడడు. కొడుకులు సూరత్ మరమగ్గాల మీద పనికి పోయారు. కొన్నిచోట్ల కోడళ్లు కూడా వెళ్లారు. అరవై ఐదేళ్ల మనిషి మనవల్ని బడికి పంపుతుంది, ఆవుని చూస్తుంది, రేషన్‌కి వరసలో నిలబడుతుంది, తనకి జ్వరమొస్తే తనే గంజి కాచుకుంటుంది. ఆమెకి కావలసింది అచ్చంగా విశ్రాంతి. కానీ అక్కడ కూడా గమనించండి. చాకిరీ అంతా ఆమెది, మాట మాత్రం సూరత్‌ది. పిల్లకి సైకిల్ కొనాలా వద్దా, పిల్లాణ్ని ట్యూషన్ మాన్పించాలా, ఆవుని అమ్మేయాలా అన్నీ ఫోన్‌లో అక్కణ్నుంచే తేలతాయి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛన్ చేతికొచ్చిన రోజు మాత్రం ఆమె నడకే వేరుగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు గురించి ఎవరినీ అడగక్కర్లేదు. పట్నంలో కూర్చోబెట్టిన అమ్మకీ, పల్లెలో కూర్చోనివ్వని అమ్మకీ కరువైంది ఒకటే.

ఒంట్లో శక్తి తగ్గినా మాట ఎలా నిలుపుకోవచ్చో మా ఊరి దేశిబెహరా వీధిలో చూశాను. ఎప్పుడో తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడ్డ దేరా నేతగాళ్లు అక్కడివాళ్లు. మా బరంపురం పట్టుకి పేరు తెచ్చిన చేతులు అవి. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరకి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఆ వీధికే వస్తుంది. అక్కడ డెబ్బై దాటిన ఒక నేత పెద్దాయన ఉన్నారు. కళ్లు ఆనడం లేదు. కుంభం అంచు నేయడం కొడుక్కి వదిలేశారు. పొద్దున వెలుతురు కిటికీలోంచి మగ్గం మీద పడే వేళకి మాత్రం కూర్చుని, సాదా నేత నేస్తారు. దగ్గరి రంగులు కలిసిపోకుండా కండెలకి ముడులు వేసి గుర్తు పెట్టుకుంటారు, ఎరుపుకి ఒక ముడి, మెరూన్‌కి రెండు. అంచు వెడల్పు, రంగుల జత మాత్రం ఇప్పటికీ ఆయన చెప్పినట్టే. కొడుకు ఒకసారి ఆకుపచ్చకి గులాబీ అంచు పెడతానంటే ఒప్పుకోలేదు. నేను కూర్చుని ఉండగానే వాదించుకున్నారు. గెలిచింది పెద్దాయనే.

పాల్ బాల్టెస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పింది అచ్చం ఇదే. బాగా వయసు మీరేవాళ్లు మూడు పనులు చేస్తారన్నాడు. చేసేవి తగ్గించుకుంటారు, ఉంచుకున్న వాటి మీద శ్రద్ధ పెంచుతారు, పోయిన శక్తికి బదులు ఏదో ఒక ఉపాయం కనిపెడతారు. ఆయన తరచూ చెప్పిన ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్తూర్ రూబిన్‌స్టైన్. ఎనభైల్లో కూడా కచేరీలు ఎలా చేస్తున్నారంటే, తక్కువ కృతులు వాయిస్తానని, వాటినే ఎక్కువ సాధన చేస్తానని, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కావాలనే నెమ్మదిస్తానని, అప్పుడు వేగం వేగంగా వినబడుతుందని ఆయన చెప్పాడట. రూబిన్‌స్టైన్‌ని ఏ కొడుకూ "నువ్వు కూర్చో నాన్నా" అనలేదు కాబట్టి ఆ ఉపాయం బయటపడింది. 1956లో సియాటిల్‌లో వార్నర్ షాయి మొదలుపెట్టి, ఏడేళ్లకోసారి జనాన్ని మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ దశాబ్దాలు నడిపిన అధ్యయనం కూడా, బుర్ర చురుకుదనం అంతా ఒక్కసారిగా పోదని తేల్చింది. చూసి చప్పున పట్టుకునే వేగం ముందుగా తగ్గుతుంది. మాటల మీద పట్టు, అర్థం చేసుకునే శక్తి అరవై దాటినా చాలామందిలో నిలుస్తాయి.

ఈ ప్రాంతపు మనిషినే ఉదాహరణగా చెప్పాలంటే గిడుగు రామమూర్తి గారున్నారు. పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం నుంచి 1911లో రిటైరయ్యారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పెద్ద పోరాటమంతా చాలావరకు ఆ తర్వాతే. సవర కొండల్లో తిరిగినప్పుడు మలేరియాకి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి సరిగా లేని మనిషి ఒక భాష ధ్వనులకి వ్యాకరణం రాశారు! సవర భాష మీద ఆయన పుస్తకం మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసేనాటికి ఆయనకి అరవై ఎనిమిది. సవర నుంచి ఇంగ్లీషుకి నిఘంటువు 1938లో, డెబ్బై ఐదో ఏట. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ వయసులో ఊరు మారడం సరైనదో కాదో ఇప్పుడు మనం తేల్చలేం. ఆ నిర్ణయం మాత్రం ఆయనదే.

ఇంట్లో వాడే మాటల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. బెకా లెవీ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒహాయోలో ఒక చిన్న పట్నంలో పెద్దవయసు వాళ్ల గురించి చాలా ఏళ్ల ముందు సేకరించిన సమాచారం పరిశీలించారు. తమ ముసలితనం గురించి మంచిగా అనుకున్నవాళ్లు, చెడుగా అనుకున్నవాళ్ల కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ" అన్న మాట విన్న ప్రతిసారీ నాకు ఆ ఏడున్నరేళ్లు గుర్తొస్తాయి.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ల మాటేమిటి? ఇది తప్పించుకోలేని ప్రశ్న. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని ఈమధ్యే ఒక పెద్ద సర్వే ఆధారంగా అంచనా వేశారు. వాళ్ల చేతికి బ్యాంకు కార్డు ఇచ్చి మాట చెల్లనివ్వండి అనడం మూర్ఖత్వం. ఫోన్ మోసగాళ్లు కాచుకుని కూర్చున్నారు. కానీ ఒక విషయంలో విచక్షణ పోయిందని అన్నిట్లోనూ పోయినట్టు లెక్కేయడం అన్యాయం. గ్యాస్ స్టవ్ దగ్గరికి వెళ్లనివ్వకపోవచ్చు, ఏం కూర వండాలో చెప్పనివ్వచ్చు. డబ్బు దాచవచ్చు, ఏ చీర కట్టుకోవాలో ఆమెనే అడగవచ్చు. అన్నట్టు, మా సరిహద్దువాళ్లకి ఇక్కడ ఒక ఊరట ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఆ జబ్బు, ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనబడింది. బజార్లో బేరాలాడి ఒడియా నేర్చిన మా అమ్మలాంటివాళ్లు తెలియకుండానే బుర్రకి మేలు చేసుకున్నారన్నమాట. అలాంటి మనిషిని మేడ మీద కూర్చోబెట్టి రెండు భాషలూ మాట్లాడనివ్వకుండా చేస్తున్నాం!

మాట చెల్లనివ్వడం అంటే మనకి నచ్చిన మాట వరకే అయితే అది ఉత్తిదే. ఇచ్ఛాపురంలో మా అమ్మ పేరు మీద చిన్న స్థలం ఉండేది. పుట్టింటివాళ్లిచ్చింది. పక్కనే ఏళ్ల తరబడి ఉంటున్న కుటుంబానికి బజారు ధర కంటే బాగా తక్కువకి ఇచ్చేసింది. మా తమ్ముడికి కోపం, నాకు కూడా లోపల మంటే. పిల్లల చదువుకి పనికొచ్చేది. "మా అమ్మ మంచాన పడ్డప్పుడు నీళ్లిచ్చింది వాళ్లు. మీరు కాదు, నేను కూడా కాదు" అంది. సాక్షి సంతకం నేనే పెట్టాను. ఆ నష్టం నష్టమే, ఇప్పటికీ నాకు ఆ ధర గుర్తొస్తే కలుక్కుమంటుంది. అయినా తన జీవితపు పాత బాకీ ఒకటి తన చేతులతో తీర్చుకుంది. ఎరిక్సన్ చివరి దశ గురించి పుస్తకాల్లో చదివినదానికంటే ఆ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద నాకు ఎక్కువ అర్థమైంది.

చట్టం ఉంది కదా అంటారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లల చేత మనోవర్తి ఇప్పించగలదు, చూస్తామని ఆస్తి రాయించుకుని వదిలేసిన చోట ఆ రాతని రద్దు చేయగలదు. మంచి చట్టం. తిండి, నీడ ఇప్పించగలదు. "ఏమ్మా, నువ్వేమంటావు?" అని ఏ కోర్టూ ఇంట్లోవాళ్ల చేత అడిగించలేదు.

మా ప్రాంతపు తెలుగు సంఘాలవాళ్లకి ఒకటి చెప్పాలని ఉంది. ఉగాదికి ఎనభై దాటినవాళ్లని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ఫోటో తీసి దించేస్తున్నారు. దాని బదులు వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకి తెలుగు చెప్పే పని వాళ్లకి అప్పజెప్పండి. అక్షరాలు నేర్పడానికి కుర్ర టీచరుని పెట్టండి, మాటలు నేర్పడం మాత్రం వీళ్ల పని. చేపలెలా ఏరాలో చెబుతారో, కండె ఎలా చుట్టాలో చెబుతారో, పాత పర్లాకిమిడి చిన్న రైలు కబుర్లు చెబుతారో వాళ్లిష్టం. సిలబస్ మీరు రాసివ్వకండి. క్లాసు కింది అంతస్తులో పెట్టాలి, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, చీకటి పడకముందే అయిపోవాలి, ఆటో ఖర్చు ఇవ్వాలి. చెవి మిషన్ లేనివాళ్లకి ముందు అది కొనివ్వాలి. జీతం కూడా ఇవ్వాలి. పెద్దవాళ్లు సేవగా చేస్తారులే అనుకోకండి. నెలకి ఎంతన్నది వాళ్లతోనే కూర్చుని తేల్చుకోండి. మా అమ్మ అయితే బేరం ఆడుతుంది.